‘అమబియె’ పేరులో ఒక్క అక్షరం గొడవ

2020 లాక్‌డౌన్ రోజుల్లో జపాన్ వాళ్లంతా ఒక వింత బొమ్మ గీసి నెట్‌లో పెట్టుకున్నారు, గుర్తుందా? పొడుగాటి జుట్టు, పక్షి ముక్కు, ఒంటి నిండా పొలుసులు, కింద కాళ్లలాంటివి మూడు. పేరు అమబియె. ఆ ఏప్రిల్‌లో వాళ్ల ఆరోగ్య శాఖ కూడా కరోనా పోస్టర్ మీద దాన్నే వేసింది. నేను అప్పుడు ఇంట్లో కూర్చుని కతకన అనే జపాన్ లిపి అక్షరాలు దిద్దుకుంటున్నాను. ఈ పేరు వెనక కథ మొదటిసారి తెలిసింది అప్పుడే. మన గ్రూపులో పాఠాంతరాలంటే, అంటే ఒకే రచన ప్రతుల మధ్య తేడాలంటే, చెవి కోసుకునేవాళ్లున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

దీనికి ఆధారం ఒకే ఒక్క కాగితం. 1846 నాటిది. చెక్క అచ్చుతో వేసి వీధుల్లో అమ్మే వార్తా కరపత్రం. ఇప్పుడు క్యోటో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది, దాని ఫొటో నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో ఉన్నదీ నాలుగు ముక్కలే. హిగొ సీమలో, అంటే ఇప్పటి కుమమొతొలో, సముద్రం మీద రాత్రిపూట ఏదో వెలుగు కనిపిస్తోందంటే అధికారి చూడబోయాడు. అది బయటికొచ్చి, తాను సముద్రంలో ఉండే అమబియెనని చెప్పింది. ఈ ఏడు మొదలు ఆరేళ్లు అన్ని సీమల్లోనూ పంటలు బాగా పండుతాయి, అయితే రోగాలూ ప్రబలుతాయి, తొందరగా నా బొమ్మకు నకలు తీసి జనానికి చూపించండి అంది. మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఇలాంటి కథలే ఆ కాలపు కాగితాల్లో ఇంకా దొరికాయి. చాలావాటిలో అదే హిగొ సముద్రం, అదే ఆరేళ్ల జోస్యం, అవే మూడు కాళ్లు. పేరు మాత్రం అమబికొ. ‘అమబియె’ అన్నది ఈ ఒక్క కరపత్రంలోనే ఉంది. నకలు రాసేటప్పుడు ఎవరో ‘కొ’ని ‘ఎ’గా రాసేశారని పరిశోధకుల్లో బలమైన అభిప్రాయం. కతకనలో ‘కొ’కి పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత, రెండిటినీ కలుపుతూ కుడివైపు నిలువుగీత. ఆ నిలువుగీత మధ్యకు జరిగితే ‘ఎ’ అవుతుంది. నకలు తీయండి బాబూ అని అడిగినదాని పేరే నకల్లో చెడిపోయిందన్నమాట. మీరేమంటారు?

రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరు:
ప్రతులకు నకళ్లు రాసే మన లేఖకులు మాత్రం తక్కువ తిన్నారా అమ్మా. పు రాయాల్సిన చోట వు, ధ రాయాల్సిన చోట థ, ఒక్కోసారి పాదం పాదమే మాయం. బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు పోగేసి పండితుల చేత పోల్చి చూపించింది ఊరికేనా! అయితే నాదో అనుమానం. ఆ పేరున్న కాగితం ఒక్కటే ఉందని దాన్ని తప్పు అనెయ్యడం సబబు కాదు. అది వేరే జీవి, వేరే పేరు ఎందుకు కాకూడదు?

పోస్టు రాసినావిడ:
కాకూడదని లేదు మాస్టారూ. బొమ్మలు కూడా మీ వైపే ఉన్నాయి. అమబికొను చాలా చోట్ల కోతిలా వేశారు, ఇదేమో చేపకూ పక్షికీ మధ్య ఉంది. కానీ పేరు దగ్గరికి వస్తే అమబికొకు చుట్టాలున్నారు. యమబికొ అంటే కొండల్లో వినిపించే ప్రతిధ్వని, దాన్ని పలికే భూతం కూడా. యమ అంటే కొండ, హికొ (కలిపి పలికితే బికొ) అంటే పూర్వం గొప్పింటి మగబిడ్డ. ‘అమ’ను ఒకరు సముద్రం అనే అక్షరంతో రాశారు, ఒకరు ఆకాశం అనే అక్షరంతో, ఇంకొకరు సన్యాసిని అనే అక్షరంతో. రాత ఎన్ని విధాలుగా మారినా చెవికి వినబడే పేరు నిలిచింది. అమబియెకు అలాంటి తోడు ఒక్కటీ లేదు. అందుకే నేను లేఖకదోషం వైపే మొగ్గుతున్నాను.

విశాఖ సభ్యురాలు:
బొమ్మ చూస్తే రోగం రాదని 2020లో అందరూ రాశారు కదండీ. మీరు చెప్పిన మాటల్లో అది లేదే?

పోస్టు రాసినావిడ:
భలే పట్టుకున్నారు! నిజంగానే లేదు. 1846 కాగితం ‘చూపించండి’ దగ్గరే ఆగిపోతుంది. చూసినవాళ్లు గండం తప్పించుకుంటారన్న మాట అమబికొ కాగితాల్లో ఉంది. జనం రెండిటినీ కలిపేశారు. నన్నడిగితే పేరు గొడవకన్నా ఇదే పెద్ద విషయం. కరపత్రం అమ్ముకునేవాడికి ఆ ఒక్క మాట ఎంత పనికొస్తుందో ఆలోచించండి. తర్వాత మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) కలరా వచ్చినప్పుడు కూడా ఇలాంటి బొమ్మలకు గిరాకీ ఉండేదని అప్పటి పత్రికల వల్ల తెలుస్తోంది.

కర్నూలు నుంచి ఒకరు:
మన ‘మహమ్మారి’ కూడా ఇదే బాపతు కాదా? మారి అంటే రోగాల దేవత. మహామారి కాస్తా మహమ్మారి అయి కూర్చుంది. ఇప్పుడు పేపర్లో మహామారి అని వేస్తే అచ్చుతప్పు అనుకుంటారు.

మాస్టారు:
బాపతు వేరు నాయనా. అది నాలుక చేసిన మార్పు, లక్షల మంది నోళ్లలో నలిగి వచ్చింది. ఇది ఒక్కడి కలం జారడం. రెండిటినీ ఒక గాటన కట్టకు. దేవత సంగతి మాత్రం బాగా గుర్తు చేశావు. ఆటలమ్మ పోసినా అమ్మవారు వచ్చిందనే మనవాళ్లు అంటారు గానీ జబ్బు అనరు. మనకు వచ్చినావిడ తల్లి, వేపమండలు పెట్టి చల్లబరిచి సాగనంపుతాం. జపాన్ వాళ్లకు వచ్చింది కబురు చెప్పి పోయే జీవి. ఈ తేడా మీద ఎవరైనా విడిగా పోస్టు పెట్టండి.

నాగోయాలో ఉంటున్న సభ్యురాలు:
ఆలస్యంగా చూశాను. ఇక్కడ 2020లో మిఠాయి దుకాణాల్లో కూడా అమబియె ఆకారంలో స్వీట్లు చేశారు. పలకడం గురించి ఒక మాట. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి ‘అమేబీ’ అనేవాళ్లున్నారు, అది తప్పు. నాలుగూ పొట్టి అక్షరాలే, ఏదీ సాగదీయకూడదు. అసలు చివర్లో ఉన్నది ఒట్టి ‘ఎ’. మరి తెలుగులో ‘అమబిఎ’ అని రాయాలా?

మాస్టారు:
అచ్చు పక్కన అచ్చు వస్తే మధ్యలో ‘య’ వచ్చి చేరే యడాగమం మనకు ఉండనే ఉంది. ‘అమబియె’ అనే రాయండి. నాలుగూ లఘువులే కాబట్టి నలం, ఇంద్రగణం. తేటగీతిలో నిక్షేపంగా పడుతుంది, ఎవరైనా ప్రయత్నించండి.