సెమీ హైడ్రో ఆర్కిడ్లకు లెకానా, ప్యూమిసా?

పచ్చవేరు:
ఫలనాప్సిస్‌ను బెరడు ముక్కల్లోంచి సెమీ హైడ్రోకి (మట్టి లేకుండా, కుండీ అడుగున కొన్ని నీళ్ళు నిలిపి పెంచే పద్ధతి) మార్చాలి. కుండీ ఎత్తు 15 సెం.మీ., అడుగు నుంచి 2.5 సెం.మీ. పైన పక్కగా రెండు కన్నాలు. 8–16 మి.మీ. లెకా (కాల్చిన బంకమట్టి గోళీలు) వేస్తే కింద నీళ్ళున్నా పైసగం ఎండిపోతుందంటున్నారు. ప్యూమిస్ (సన్నటి రంధ్రాలున్న తేలికైన అగ్నిపర్వత రాయి) వేస్తే వేళ్ళు కుళ్ళవా?

గులకరాయి:
ఆ కుండీకి ఆ సైజు లెకా వద్దండి. సందు ఎంత సన్నగా ఉంటే నీళ్ళు అంత పైకి పాకుతాయి. పెద్ద గోళీలు ఒకదానికొకటి ఆనేదే చుక్కంత చోట, అక్కడ తడి తెగిపోతుంది. 3–6 మి.మీ. ప్యూమిస్ గరుకు పలుకులు కాబట్టి దగ్గరగా సర్దుకుంటాయి. కావాలంటే రెండు గాజు గ్లాసుల్లో రెండూ పొడిగా పోసి, అడుగున 2.5 సెం.మీ. నీళ్ళు పెట్టి ఒక రోజు వదిలేయండి. తడిసిన పలుకు రంగు ముదురుతుంది, గీత ఎక్కడిదాకా వచ్చిందో కంటికే కనిపిస్తుంది.

తేమగాలి:
గీత పైకి ఎక్కడమే గొప్పయితే స్పాంజి వేసుకోవచ్చు కదా! ఫలనాప్సిస్ వేరుకి తడితో పాటు గాలి ఆడాలి. సంచిలోంచి నేరుగా పోసిన ప్యూమిస్‌లో పొడి ఉంటుంది, నాలుగుసార్లు నీళ్ళు పోసేసరికి అది అడుక్కి దిగి సందులు పూడ్చేస్తుంది. కుళ్ళు అక్కడే మొదలవుతుంది. పైగా ఎంత తడి ఆవిరైతే వేళ్ళు అంత చల్లబడతాయి. రాత్రుళ్ళు 18 డిగ్రీల కిందికి పడే గదిలో ఇది చిన్న విషయం కాదు. లెకాలోనే 4–8 మి.మీ. సైజు ఉంది, దాన్ని ఎందుకు వదిలేశారు?

గులకరాయి:
పొడి మాట నిజమే. 3 మి.మీ. జల్లెడ పట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగకుండా వేయకూడదు. 4–8 లెకా కూడా పనికొస్తుంది, 12 సెం.మీ. లోపు కుండీలో. పొడిగాలి ఉన్న గదిలో 15 సెం.మీ. అంటే నా ఓటు ఇంకా ప్యూమిస్‌కే.

కన్నాలకుండీ:
ఇద్దరూ ఉప్పు సంగతి మరిచారు. పైకి పాకిన నీళ్ళు ఆవిరైపోతాయి, ఎరువు లవణాలు అక్కడే మిగులుతాయి. పై వరుసలో తెల్లటి పెచ్చు కనిపిస్తే, కొత్త వేరు మొన దానికి తగిలి నల్లబడుతుంది. బాగా పీల్చే మాధ్యమంలో ఇది ముందే వస్తుంది, అంటే ప్యూమిస్‌లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. నీళ్ళు పోసిన ప్రతిసారీ కుండీ నిండుగా పైనుంచి పోసి, కన్నాల్లోంచి పారనివ్వండి. కాస్త నింపి వదిలేయడం పనికిరాదు. ఎరువు నీళ్ళ ఈసీ (కరిగిన లవణాల కొలత) 0.5–0.8 mS/cm, పీహెచ్ 5.5–6.5 మధ్య. లెకా అయితే కడిగి 24 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోశాకే వాడండి.

తేమగాలి:
పచ్చవేరు గారూ, ఏది వేసినా బెరడు, నాచు తునకలు ఒక్కటీ మిగలకుండా వేళ్ళు కడగండి. మిగిలినవి తడిలో కుళ్ళి వేళ్ళనీ కుళ్ళబెడతాయి. బెరడులో పెరిగిన పాత వేళ్ళు కొన్ని ఎలాగూ పోతాయి, అది మాధ్యమం తప్పు కాదు. కాండం మొదట్లో కొత్త వేరు పచ్చమొన తొంగిచూసేదాకా ఆగండి. మీ గదిలో రాత్రి ఎన్ని డిగ్రీలు?

పచ్చవేరు:
22కి తగ్గదు. గాలి మాత్రం పొడి.

తేమగాలి:
అయితే ప్యూమిసే వేయండి. జల్లెడ పట్టి.