బుల్లెట్‌కు చప్పుడు తక్కువ ఉండే సైలెన్సర్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: రాయగడ, విత్తనాల వ్యాపారం

అందరికీ నమస్కారం. నా బండి 2015లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. కార్బ్యురేటర్ ఉన్న పాత రకం, 346 సీసీ. వ్యాపారం పని మీద వారానికి నాలుగు రోజులు గుణుపురం వైపో, కూనేరు మీదుగా పార్వతీపురం వైపో వెళ్లి వస్తుంటాను. వానకాలంలో ఒక్కోసారి తడి ఆరకముందే మళ్లీ బయలుదేరవలసి వస్తుంది. దాని ఫలితమో ఏమో, కంపెనీ సైలెన్సర్ అడుగుభాగం తుప్పు పట్టి, రెండుచోట్ల చిల్లులు పడ్డాయి. ఒకసారి వెల్డింగ్ చేయించినా ఆరు నెలలు తిరగకుండానే అతుకు పక్కన మళ్లీ చిల్లు పడింది. ఈ మధ్య బండి స్టార్టులో నిలిపి ఉంచినప్పుడు లోపలినుంచి గలగలమని రేకు చప్పుడు కూడా వినిపిస్తోంది.

కొత్తది వేయించుదామని సామాన్ల దుకాణాలు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ఇండోరి, పంజాబ్, డాల్ఫిన్, షార్ట్ బాటిల్, గోల్డ్‌స్టార్ అంటూ పేర్లు చెప్పి, ఏది ఎంత గట్టిగా మోగుతుందో వినిపించడానికే ఉత్సాహపడుతున్నారు. మెల్లగా ఉండేది కావాలని అడిగితే, బుల్లెట్ కొన్నవారు అలా అడగరని నవ్వుతున్నారు.

నేను అలా అడగడానికి కారణం ఉంది. మా ఇల్లు సన్నని వీధిలో ఉంది. నేను తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరుతాను. ఎదురింట్లో పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దాయన ఉన్నారు. పక్క వాటాలో మూడు నెలల పసికందు ఉంది. ఇప్పుడున్న చిల్లుల సైలెన్సర్‌తో వీధి మలుపు దాటేవరకు బండిని నెట్టుకుంటూ వెళ్లి, అక్కడ స్టార్టు చేస్తున్నాను. రోజూ అలా చేయడం కష్టంగానే ఉంది, కానీ ఆ పాప ఉలిక్కిపడి ఏడవడం ఒకసారి విన్న తరువాత ఇంటి ముందు కిక్ కొట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

కంపెనీదే కొనడం మంచిదా, లేక బయటి సైలెన్సర్లలో కంపెనీదానికి దగ్గరగా నెమ్మదిగా ఉండేవి ఉన్నాయా? ఉంటే, దుకాణదారు మాట మీద ఆధారపడకుండా కొనేముందు వాటిని ఎలా గుర్తించాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: గుణుపురం, మెకానిక్

బాబూ, నేను ముప్పై ఏళ్లుగా ఈ బళ్ల పని చేస్తున్నాను. సైలెన్సర్ మార్చడానికి ముందు చప్పుడు ఎక్కడనుంచి వస్తోందో తేల్చుకోవాలి, ఎందుకంటే నా దగ్గరకు "సైలెన్సర్ పోయింది" అని వచ్చే బళ్లలో చాలావాటికి అసలు జబ్బు, సైలెన్సర్‌కు పొగ తెచ్చే బెండు పైపు ఇంజను హెడ్డుకు కలిసేచోట ఉంటుంది. అక్కడి ప్యాకింగ్ అరిగిపోతే పటపటమని పదునైన శబ్దం వస్తుంది. ఆ సందులోనుంచి బయటి గాలి లోపలికి పోవడం వల్ల ఎక్సలేటర్ వదిలినప్పుడు టప్పు టప్పుమని పేలుతుంది కూడా. అలాంటి బండికి ఎంత ఖరీదైన సైలెన్సర్ వేసినా చప్పుడు తగ్గదు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. పొద్దున్నే బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, సైలెన్సర్ వేడెక్కకముందే మందపాటి గుడ్డతో దాని మూతిని రెండు క్షణాలు మూయండి. ఇంజను గిజగిజలాడి ఆగిపోతే కీళ్లన్నీ బాగున్నట్లే. ఆగకుండా ఎక్కడో బుస్సుమని గాలి వినిపిస్తే అక్కడ సందు ఉంది. తరువాత బండి ఆపి సైలెన్సర్‌ను అరచేతితో తట్టండి. మీరు చెప్పిన గలగల వినిపిస్తే లోపలి అడ్డరేకు ఊడిందని అర్థం. అది ఊడిన సైలెన్సర్‌ను బయటినుంచి ఎన్ని అతుకులు వేసినా లాభం లేదు, కాబట్టి మీకు కొత్తది తప్పదని నా అభిప్రాయం.

ఇక ఏది కొనాలన్న విషయం. పేర్లు పట్టించుకోకండి. ఒకే పేరుతో పది చోట్ల తయారవుతాయి, పైన మెరుపు ఒకటే, లోపలి నిర్మాణం మాత్రం దేనికదే. నెమ్మదిగా ఉండే సైలెన్సర్ లోపల గదులు ఉంటాయి. పొగ మొదటి గదిలోకి వచ్చి, వెనక్కి తిరిగి, సన్నని గొట్టాల గుండా రెండో గదిలోకి వెళ్లి, అలా మలుపులు తిరిగి బయటపడుతుంది. ప్రతి మలుపులోనూ శబ్దం తనను తానే కొట్టుకుని తగ్గుతుంది. గట్టిగా మోగే వాటిలో ఒక్కటే చిల్లుల గొట్టం ఈ చివరనుంచి ఆ చివరకు నేరుగా ఉంటుంది, దాని చుట్టూ గాజు ఊలు చుడతారు. దుకాణంలో ఒక మూతి దగ్గర టార్చి పెట్టి రెండో మూతిలోనుంచి చూడండి. వెలుతురు నేరుగా కనిపిస్తే అది మీకు పనికిరాదు. చేతిలోకి తీసుకుని బరువు కూడా చూడండి. రెండు పొరల రేకు, లోపల గదులు ఉన్నది తప్పకుండా బరువుగా ఉంటుంది. పొడవు, లావు తగ్గేకొద్దీ శబ్దం అణగడానికి లోపల చోటు తగ్గుతుంది కనుక, షార్ట్ బాటిల్ ఎంత మంచిదని చెప్పినా మీలాంటి అవసరానికి నేను వేయను.

తుప్పు సంగతి కూడా చెప్పాలి. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటకు పోతుంది. ఊళ్లో అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే లోపలే నీరై అడుగున నిలుస్తుంది. మీ సైలెన్సర్‌ను పై వాన కంటే ఆ లోపలి నీరే ఎక్కువగా తినేసి ఉంటుంది. కొన్ని సైలెన్సర్లకు అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రం ఉంటుంది. వెల్డింగ్ చేసినవాళ్లు దాన్ని కూడా చిల్లనుకుని మూసేశారేమో ఒకసారి చూడండి.

జవాబు: జయపురం, కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు

గుణుపురం బాబాయిగారు చెప్పిన టార్చి పరీక్ష నాకు నాలుగేళ్ల క్రితం తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. నేను డబ్బా మీది అంకెను నమ్మి కొన్నాను. దాని మీద 90 డెసిబెల్‌లకు లోపే అని ముద్రించి ఉంది. ఎంత దూరంలో, ఎంత వేగంలో కొలిచారో రాయలేదు. డెసిబెల్ లెక్కలు పాఠంగా చెప్పే నేనే ఆ ప్రశ్న అడగకుండా డబ్బు చెల్లించాను.

దూరం చెప్పని డెసిబెల్‌కు అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. నిలిచి ఉన్న బండి సైలెన్సర్‌ను సాధారణంగా మూతికి అర మీటరు దూరంలో కొలుస్తారు. కదులుతున్న బండిని ఏడున్నర మీటర్ల దూరంలో కొలుస్తారు. ఈ రెండు దూరాల తేడా వల్లనే లెక్క ప్రకారం 23 డెసిబెల్‌లకు పైగా మార్పు వస్తుంది. అందువల్ల ఒక డబ్బా మీది అంకెను ఇంకో డబ్బా మీది అంకెతో పోల్చడం, క్వింటాళ్లలో తూచినదాన్ని కిలోలలో తూచినదానితో పోల్చినట్లే అవుతుంది. ఇంకొక మాట. 10 డెసిబెల్‌లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లు అవుతుంది, మన చెవికి సుమారు రెండింతలు గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి "నాలుగైదు డెసిబెల్‌లే కదా ఎక్కువ" అని దుకాణదారు అంటే ఆ మాటను తేలికగా తీసుకోకండి.

నేను కొన్నది నేరు గొట్టం రకమే. శబ్దం తగ్గించడానికి మూతిలో బిగించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం ఉన్నంతకాలం ఫరవాలేదనిపించింది. కొరాపుట్ ఘాట్‌లో దిగుతున్నప్పుడు దాని బోల్టు వదులై ఎక్కడో పడిపోయింది. మరుసటి మలుపులోనే బండి శబ్దం కొండకు తగిలి తిరిగి వస్తుంటే, ముందు వెళ్తున్న ఎడ్లబండి ఎద్దులు బెదిరి పక్కకు లాగాయి. బండివానికి ఏమీ కాలేదు, కానీ ఆ మనిషి నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. కొత్త డీబీ కిల్లర్ వేయించాను. అయితే ఏడాదిన్నర గడిచేసరికి గాజు ఊలు కాలి, చెదిరి, దాదాపు ఖాళీ అయింది. ఈ రకం సైలెన్సర్ కొన్ననాటి శబ్దంతో ఉండదు, ఊలు మార్చకపోతే ఏటేటా పెరుగుతుంది. దుకాణంలో విని "ఇది మెల్లగానే ఉంది" అని నిర్ణయించుకోవడంలోని పొరపాటు ఇక్కడే ఉంది.

శబ్దం పరిమాణమే కాక స్వభావం కూడా చూడాలి. మీ ఇంజనుకు ఒకటే సిలిండరు. నిమిషానికి 3600 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 30 సార్లు పేలుతుంది. అంత తక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాన్ని గోడలు, కిటికీలు సరిగా ఆపలేవు. గాజు ఊలు పదునైన శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది కానీ ఈ గుబగుబను అంతగా తగ్గించలేదు. దానికి గదులున్న పెద్ద సైలెన్సరే కావాలి. మంచం మీది పెద్దాయనను, ఆ పసిపాపను ఇబ్బంది పెట్టేది ఈ గుబగుబే కనుక, మీ విషయంలో నేను అన్నిటికంటే దీనికే ప్రాధాన్యం ఇస్తాను.

జవాబు: పర్లాకిమిడి, న్యాయవాది

సాంకేతిక విషయాలు పెద్దలు చెప్పారు కనుక చట్టం వరకు చెబుతాను. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో ఉన్న శబ్ద పరిమితి 80 డెసిబెల్‌లు. 80 నుంచి 175 సీసీ వరకు అది 77. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని సాధ్యమైనంత తగ్గించే సైలెన్సర్ ఉండాలి. శబ్ద ప్రమాణాలను ఉల్లంఘించి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, మొదటి తప్పుకే పదివేల రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. దానికి తోడు మూడు నెలలపాటు లైసెన్సుకు అనర్హత ఉంటుంది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి 182ఎ(4) కింద మార్పుకు అయిదు వేల చొప్పున జరిమానా వేరుగా ఉంది. ఇవి కేంద్ర చట్టాలు. ఓడీ 18 అనే మీ రాయగడ నంబరు బండితో కూనేరు దాటి ఆంధ్రలోకి వెళ్లినా, అక్కడి బండి ఇటు వచ్చినా నియమం మారదు.

ఇందులో మీకు ఉపయోగపడే సంగతి ఏమిటంటే, పోలీసు ఆపినప్పుడు ఇది బండికి సరిపోయే సైలెన్సరే అని చూపించే భారం వాస్తవానికి మీ మీదే పడుతుంది. కంపెనీ విడిభాగమైతే బిల్లు చాలావరకు ఆ పని చేస్తుంది. బయటిది కొంటే ఏ మోడల్‌కు తయారైందో, ఏ ప్రమాణానికి పరీక్షించారో రాతపూర్వకంగా ఇవ్వగల అమ్మకందారు దగ్గరే కొనండి. ఇవ్వలేనివారి దగ్గర కొనవద్దని నా సలహా. మరొక చిన్న మాట కూడా గుర్తుంచుకోండి. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిసర శబ్ద పరిమితి 45 డెసిబెల్‌లు. మీరు బయలుదేరే వేళ దానిలోకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారి మాట: రాయగడ

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం బాబాయిగారు చెప్పినట్లే గుడ్డ పెట్టి చూశాను. ఇంజను ఆగలేదు. చిల్లుల దగ్గరతోపాటు హెడ్డు దగ్గర కూడా సన్నగా బుసబుస వినిపించింది. తట్టి చూస్తే గలగల స్పష్టంగా ఉంది. అడుగున పాత వెల్డింగ్ పక్కనే, రంధ్రం ఉండవలసిన చోటు అతుకు కింద మూసుకుపోయి ఉంది. అంటే తప్పు కొంత ఆ వెల్డింగ్‌ది, కొంత గమనించని నాది.

రెండు సందేహాలు మిగిలాయి. ఫోనులోని శబ్దం కొలిచే యాప్‌తో కొత్తదాన్ని పరీక్షించవచ్చా? గదులున్న సైలెన్సర్ వేస్తే ఘాట్‌లో బండి లాగుడు తగ్గుతుందని ఒక దుకాణంలో అన్నారు, అది నిజమేనా?

జవాబు: జయపురం ఉపన్యాసకుడు

ఫోను చూపే అంకెను నిజమైన డెసిబెల్‌గా తీసుకోకండి, గట్టి శబ్దాల దగ్గర దాని మైకు అసలు శబ్దాన్ని సరిగా పట్టుకోలేదు. అయితే అదే ఫోను, అదే చోటు, అదే దూరం, ఇంజను అదే వేగం పాటిస్తే ముందుకూ తరువాతకూ తేడా తెలుస్తుంది. మూతి దగ్గర కాకుండా ఎదురింటి కిటికీ దగ్గర నిలబడి కొలవండి. మీకు కావలసింది అక్కడి శబ్దమే.

జవాబు: గుణుపురం మెకానిక్

లాగుడు మాట సగమే నిజం. మీ ఇంజను బలమైన లాగుడు నిమిషానికి 4000 చుట్ల దగ్గర, 28 న్యూటన్ మీటర్లుగా, కంపెనీ సైలెన్సర్‌తోనే లెక్కకట్టి ఇచ్చారు. నేరు గొట్టం వేసి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ మార్చకపోతే పెట్రోలు వాటా తగ్గి, గాలి ఎక్కువై, ఇంజను వేడెక్కుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు అవసరమైన కింది వేగాల లాగుడే ముందు పడిపోతుంది. గట్టిగా మోగడం వల్ల బలం పెరిగినట్లు తోస్తుంది, అంతే. నా సలహా కంపెనీదే వేయించండి. అది దొరకడం ఆలస్యమైతే అదే పొడవు, అదే బరువు ఉన్న గదుల రకం, బిల్లుతో తీసుకోండి.

ఒకవేళ ఇది చదివేవారిలో ఎవరికైనా 2020 తరువాతి బిఎస్6 కాలుష్య ప్రమాణాల బండి ఉంటే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎక్కడ ఉందో తెలుసుకోకుండా పైపు విప్పకండి. దాన్ని తీసేస్తే పొగ పరీక్షలో తప్పుతుంది.

రాయగడ బాబూ, వచ్చే ఆదివారం వ్యాపారం పని మీద ఇటు వస్తే హెడ్డు దగ్గర ప్యాకింగ్ నేనే మారుస్తాను, దానికి పెద్ద ఖర్చు ఉండదు. కొత్త సైలెన్సర్ ఎక్కడ కొన్నా బిగించేటప్పుడు క్లాంపు, రబ్బరు బుష్ కొత్తవి వేయించండి. ముందు అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, పైపు తన చోట తాను కూర్చున్నాక హెడ్డు వైపునుంచి బిగించుకుంటూ రావాలి. వెనకనుంచి బిగిస్తే పైపు లాగి పట్టి, అదే ప్యాకింగ్ మళ్లీ పోతుంది.

ప్రశ్న అడిగినవారి మాట: రాయగడ

కంపెనీదానికే డబ్బు కట్టాను, పదిరోజుల్లో వస్తుందన్నారు. ఆదివారం గుణుపురం వస్తున్నాను బాబాయిగారూ. అంతవరకు మలుపు దాకా బండి నెట్టుకునే వెళ్తాను.