మళ్లీ చూశాక చెప్తున్నా: 'స్కైఫాల్' కంటే 'లైసెన్స్ టు కిల్' మంచి బాండ్ సినిమా

రీలుబండి:
బాండ్ సినిమాలను వరసగా కాకుండా జంటలుగా పెట్టుకుని మళ్లీ చూస్తున్నాను. ఈసారి 'స్కైఫాల్' (2012), 'లైసెన్స్ టు కిల్' (1989). రెండింట్లోనూ బాండ్‌కి పని కంటే సొంత గొడవే ముఖ్యం. అందుకే వీటిని కలిపి చూశాను.

స్కైఫాల్ బాగా తీశారు, కాదనను. రోజర్ డీకిన్స్ కెమెరా, షాంఘైలో అద్దాల గదుల మధ్య నీలం వెలుతురులో బాండ్, ఒక హంతకుడు నీడల్లా కొట్టుకునే సీను, అడెల్ పాట, అన్నీ బాగున్నాయి. కానీ కథ నాకు మింగుడు పడలేదు. విలన్ సిల్వా ఒకప్పుడు హాంకాంగ్‌లో ఎమ్ (బాండ్ పనిచేసే బ్రిటన్ గూఢచార సంస్థ ఎమ్ఐ6కి బాస్) కింద పనిచేసిన ఏజెంటు. ఆవిడే అతన్ని చైనా వాళ్లకు అప్పగించింది. అయిదు నెలలు చిత్రహింసలు పడ్డాడు. సైనైడ్ కొరికినా చావలేదు, దవడ కాలిపోయి బతికాడు. అలాంటివాణ్ని విలన్ చేసి, అప్పగించిన ఆవిడ చనిపోతే మనల్ని ఏడవమంటారు.

లైసెన్స్ టు కిల్‌లో లెక్క సూటిగా ఉంటుంది. పెళ్లి రోజునే స్నేహితుడు ఫీలిక్స్ లైటర్‌ని డ్రగ్స్ ముఠా నాయకుడు సాంచెజ్ సొరచేపకు వేస్తాడు, పెళ్లికూతురు డెల్లాని చంపిస్తాడు. 'నువ్వు నిన్న రాత్రికే ఇస్తాంబుల్‌లో ఉండాలి' అని ఎమ్ (ఈ సినిమాలో మగ బాస్) గద్దిస్తే, బాండ్ ఉద్యోగమే వద్దనుకుని వెళ్లిపోతాడు. చివర్లో పెట్రోల్లో తడిసిన సాంచెజ్‌ని, ఫీలిక్స్ దంపతులు ఇచ్చిన లైటర్‌తోనే అంటిస్తాడు. ఆ లైటర్ ఒక్క క్షణం సాంచెజ్ కళ్ల ముందు ఆడుతుంది. ఎందుకు చస్తున్నాడో వాడికి తెలిసేంత సేపు. బాండ్ సినిమాల్లో నాకు ఇంతకు మించిన ముగింపు లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:
అన్నా, లైసెన్స్ టు కిల్‌లో బాండ్ వేసిన డాల్టన్‌కి రెండు సినిమాలే దక్కడం అన్యాయం. నా ఓటు ఆయనకే.

పాత టాకీస్:
రెండూ వద్దు బాబూ. ఒకదాంట్లో ఏడుపు, ఇంకోదాంట్లో రక్తం. లైసెన్స్ టు కిల్‌కి బ్రిటన్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లకే అని సర్టిఫికెట్ ఇచ్చారు. బాండ్ సినిమాల్లో అదే మొదటిసారి. మేం ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి చూసిన బాండ్ రోజర్ మూర్. 'ఆక్టోపస్సీ' (1983)లో ఉదయ్‌పూర్ వీధుల్లో ఆటో ఛేజ్, విజయ్ అమృత్‌రాజ్ టెన్నిస్ రాకెట్ తిప్పి రౌడీలను కొట్టడం... అది వినోదం. ఇక్కడ మన కృష్ణ గారు 'గూఢచారి 116' (1966) చేసి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నారంటే, జనం ఆ హుషారు కోరుకున్నారు కాబట్టే. 1989లో అది లేకే బ్యాట్‌మన్, ఇండియానా జోన్స్ ముందు డాల్టన్ సినిమా నిలబడలేదు. తర్వాత 1995లో 'గోల్డెన్ఐ' వచ్చేదాకా ఆరేళ్లు బాండే లేడు.

రీలుబండి:
పాత టాకీస్ గారూ, ఆ ఆరేళ్ల ఆలస్యం కంపెనీల మధ్య కోర్టు గొడవల వల్ల. దాన్ని డాల్టన్ మీదకు తోయకండి. ఆడకపోయినంత మాత్రాన సినిమా చెడ్డదైపోదు.

డల్లాస్ మావయ్య:
స్కైఫాల్ గురించి మాట్లాడుతున్నారు, అసలు తప్పు ఎవరూ చెప్పట్లేదు. సిల్వా దగ్గర దొరికిన ల్యాప్‌టాప్‌ని క్యూ (బాండ్‌కి పరికరాలు చేసిచ్చేవాడు) తిన్నగా ఎమ్ఐ6 నెట్‌వర్క్‌కి తగిలిస్తాడు! నేను ఈ సెక్యూరిటీ రంగంలోనే ఉన్నాను. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లవాడు కూడా ఆ పని చేయడు. విడిగా, ఏ నెట్‌వర్క్‌కీ కలపని మెషీన్ మీద తెరవాలి. సినిమా అక్కడే కూలిపోయింది. ఆ పైన సొరంగంలో సిల్వా బాంబు పేల్చగానే సరిగ్గా బాండ్ నెత్తి మీదకే రైలు వచ్చి పడుతుంది. బాండ్ ఆ క్షణానికి అక్కడ నిలబడతాడని ముందే ఎలా తెలుసు?

విశాఖ తీరం:
రీలుబండి గారూ, కథ సగమే చెప్పారు. ఎమ్ ఊరికే అప్పగించలేదు. సిల్వా తన పరిధి దాటి చైనా వాళ్ల కంప్యూటర్లలోకి చొరబడ్డాడు. వాళ్లు కనిపెట్టేశారు. 1997లో హాంకాంగ్ బ్రిటన్ నుంచి చైనా చేతికి మారబోతోంది. అతన్ని ఇచ్చి ఆరుగురు ఏజెంట్లను విడిపించుకుంది, హాంకాంగ్ చేతులు మారడం గొడవ లేకుండా జరిగేలా చూసింది. ఆరుగురి ప్రాణాలండీ. మీరా కుర్చీలో ఉంటే ఏం చేసేవారు?

ఇక మీ డాల్టన్ సంగతి. ప్రతీకారం మత్తులో సాంచెజ్‌ని కాల్చబోయి, ఎన్నాళ్లుగానో వాడి వెనక పడ్డ హాంకాంగ్ నార్కోటిక్స్ వాళ్ల పథకం మొత్తం చెడగొట్టాడు. వాళ్లు చనిపోయారు. వాళ్లలో క్వాంగ్ సైనైడ్ కొరికాడు, అతనిది పనిచేసింది కూడా. అతని కోసం సినిమాలో ఎవరైనా ఒక్క నిమిషం ఆగారా? సిల్వాకి జరిగింది మీకు గుర్తుంది, క్వాంగ్‌కి జరిగింది గుర్తులేదు.

రీలుబండి:
క్వాంగ్ చావు దారుణమే. కానీ బాండ్ వాళ్లను అమ్మలేదు. వాళ్లెవరో, అక్కడేం చేస్తున్నారో అతనికి తెలియదు. తెలియక చేసిన తప్పుకీ, పేరు రాసి అప్పగించడానికీ తేడా లేదా? స్కైఫాల్ మొదట్లోనే చూడండి. ఇస్తాంబుల్‌లో రాన్సన్ అనే ఏజెంటు నెత్తురోడుతూ పడి ఉంటాడు. బాండ్ ఆగి కట్టు కట్టబోతే, వదిలేసి వెళ్లమని ఎమ్ చెవిలో ఆర్డరు. కాసేపటికి రైలు మీద బాండ్ అడ్డుగా ఉన్నా సరే కాల్చమని తోటి ఏజెంటు ఈవ్‌కి ఆర్డరు. తూటా బాండ్‌కి తగిలి నదిలో పడతాడు. తిరిగొచ్చాక పరీక్షల్లో తప్పితే, పాసయ్యావని అబద్ధం చెప్పి మళ్లీ పంపుతుంది. సిల్వా ఒక్కడే కాదు, ఆవిడ చేతిలో అందరిదీ అదే గతి.

లైసెన్స్ టు కిల్‌లో ఆఫీసు బాండ్‌ని వెలేసింది. కానీ ఎమ్ సెక్రటరీ మనీపెన్నీ ఊరుకోలేదు, ఆవిడ చలవతో క్యూ సెలవు పెట్టి బ్యాగు నిండా సామాన్లతో వచ్చేశాడు. ఆ ముసలాయన రానక్కర్లేదు, ఎవరూ రమ్మనలేదు. క్యూ వేసిన డెస్మండ్ లెవెలిన్‌కి అన్ని బాండ్ సినిమాల్లోకీ అదే మంచి పాత్ర.

డల్లాస్ మావయ్య:
ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పరేం?

కూకట్‌పల్లి కుర్రాడు:
మావయ్యా, అది ఒప్పుకున్నాం. క్యూది తప్పే.

విశాఖ తీరం:
ముసలి క్యూ బాగుంటాడు, నిజమే. మరి ముగింపు? భార్యను చంపారు, కాలు పోయింది. ఆ ఫీలిక్స్ ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోన్లో నవ్వుతూ, ఎమ్ నీకు మళ్లీ ఉద్యోగం ఇస్తాడట అని బాండ్‌కి చెప్తాడు. డెల్లా పేరు కూడా ఎత్తడు. తర్వాత ఈతకొలను, ముద్దులు. సినిమా అంతా ఎవరి కోసం పగబట్టారో ఆవిడ్ని మర్చిపోయారు. స్కైఫాల్ అలా చేయదు. చావుని చావులాగే చూపిస్తుంది. ఎమ్ తను చేసిన పనుల ఫలితాన్ని తన ఒంటి మీదే అనుభవించి పోతుంది. లండన్ విచారణ గదిలో టెన్నిసన్ పద్యం చదివేటప్పుడు ఎమ్ వేసిన జూడీ డెంచ్ గొంతు వినండి. తుపాకీతో సిల్వా అటే పరిగెత్తుకొస్తున్నాడని మనకు తెలుసు. బాండ్ సినిమాలో అంత బరువైన సీను అంతకు ముందు నేను చూసింది 1969 సినిమాలో బాండ్ భార్య ట్రేసీ చనిపోయే సీను ఒక్కటే.

పాత టాకీస్:
ఆ ట్రేసీ సీను నేనొప్పుకుంటానమ్మా. అందులో బాండ్ వేసిన లాజెన్‌బీ ఒక్క సినిమాయే చేశాడు గానీ ఆ సీనులో వంక పెట్టలేం.

రీలుబండి:
ఫోన్ సీను చెత్తగా ఉందని నేనూ అంటాను. కానీ మేడమ్, మీరు సిల్వాని బంధించిన గాజు గది సీను ఎందుకు దాటేస్తున్నారు? సిల్వా అడిగింది చిన్న విషయం. నన్ను చూస్తే నీకు బాధ అనిపించడం లేదా అని. పశ్చాత్తాపం వృత్తిధర్మం కాదంటుంది. నా పేరు పలుకు అంటాడు. పలకదు. పైగా గోడ మీద అమరుల పేర్లలోంచి నీ పేరు కొట్టేయిస్తానంటుంది. కాలిన దవడలోంచి ఆ పళ్ల పట్టీ తీసి చూపించినా అంతే. తలుపు దాటి బయటికొచ్చాక బాండ్‌కి మాత్రం చెప్తుంది, అతని పేరు టియాగో రోడ్రిగెజ్ అని. అంటే పేరు గుర్తుంది. మొహం మీద చెప్పలేదంతే.

నాకు ఆ సీను దగ్గర సినిమా ఆపేయాలనిపించింది. ఎందుకో చెప్తాను. నేను పనిచేసిన ఒక ప్రైవేటు కంపెనీలో బిల్లింగ్ తప్పొకటి బయటపడింది. మా టీమ్ మొత్తం చేసిన పని అది. కస్టమర్‌కి ఒక పేరు చూపించాలి. మా మేనేజర్ నా పేరు ఇచ్చింది. నాకు హెచ్ఆర్ మెయిల్ ద్వారా తెలిసింది. ఆవిడ క్యాబిన్ నా సీటుకి ఎదురుగానే ఉండేది. ఆ తర్వాత నా కళ్లలోకి ఒక్కసారి చూసింది లేదు. మిగతావాళ్ల ఉద్యోగాలు నిలబడ్డాయి, అది నిజం. వాళ్లంతా ఆవిడ ఫేర్‌వెల్‌కి పూలగుత్తులు పట్టుకెళ్లారు. స్కైఫాల్ నాకు ఆ ఫేర్‌వెల్‌లా అనిపిస్తుంది.

విశాఖ తీరం:
మీకు జరిగింది అన్యాయం. కానీ మీ మేనేజర్ మీద కోపాన్ని తెచ్చి సినిమా మీద రుద్దుతున్నారు.

రీలుబండి:
రుద్దుతున్నానా? క్వాంగ్ కోసం కన్నీళ్లు పెట్టుకునే మీకు, అప్పగించబడ్డవాడు అడిగితే 'ఆరుగురి ప్రాణాలు' అని లెక్క చెప్పడం మాత్రం తేలిక. కుర్చీలో కూర్చున్నవాళ్లందరూ ఒకటే భాష మాట్లాడతారు. మీరూ అలాంటి వాళ్లేనేమో.

విశాఖ తీరం:
అవును, అలాంటిదాన్నే. నా టీమ్‌లోంచి ఎవరిని తీసేయాలో లిస్టు ఇమ్మన్నారు. ఇవ్వనంటే మొత్తం టీమ్‌ని మూసేస్తామన్నారు. ఇచ్చాను. అందులో అప్పుడే పెళ్లి కుదిరిన పిల్ల ఉంది, ఇంటి లోన్ కడుతున్న ఆయన ఉన్నాడు. ఎవరి పేరు రాయాలో ఎవరిది కొట్టేయాలో రాత్రంతా కూర్చుని తేల్చాను. ఆ ఎమ్ పాత్రని రాక్షసి అనేవాళ్లెవరూ ఆ రాత్రి కూర్చోలేదు. మీలాంటివాళ్లకు చెడ్డ మేనేజర్ ఒకరుంటే చాలు, ఆడ బాస్ ప్రతి ఒక్కరూ ఆవిడే.

రీలుబండి:
ఆడ, మగ అని నేనెక్కడన్నాను? పైన చదవండి. ఇలా మాట మార్చడం పద్ధతి కాదు.

మోడరేటర్:
ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఒకరి ఉద్యోగం గురించి ఇంకొకరు ఊహించి రాయకండి. సినిమా గురించి మాట్లాడితే థ్రెడ్ నడుస్తుంది.

డల్లాస్ మావయ్య:
నేను మొదటి నుంచీ సినిమా గురించే మాట్లాడుతున్నాను. స్కైఫాల్ వంద కోట్ల డాలర్లు దాటిన తొలి బాండ్ సినిమా. అంత డబ్బున్న సినిమాకి ఆ ల్యాప్‌టాప్ సీను చూపించి అడగడానికి ఒక్క సిస్టమ్ అడ్మిన్ దొరకలేదా?

కూకట్‌పల్లి కుర్రాడు:
రీలుబండి అన్నా, ఒక మాట. సాంచెజ్ కూడా బాసే కదా. డబ్బు కంటే విశ్వాసం ముఖ్యం అనే బాస్. బాండ్ వాడి మనసులో అనుమానం నాటగానే సొంత మనుషులను తనే చంపుకుంటాడు. తన మనిషి క్రెస్ట్‌ని ఆ డీకంప్రెషన్ (గాలి ఒత్తిడి మార్చే) గదిలోకి తోసి చంపింది అందుకే. మనిషి ద్రోహం చేయలేదు, అయినా చచ్చాడు. అంటే ఆ సినిమా కూడా మీరు అంటున్న విషయమే చెప్తోంది.

రీలుబండి:
తమ్ముడూ, సరిగ్గా పట్టుకున్నావు. అందుకే ఆ సినిమా నాకు నచ్చింది. అక్కడ నమ్ముకున్నవాణ్ని బలిచ్చే బాస్‌ని విలన్ అంటారు. స్కైఫాల్‌లో ఎమ్ చివర్లో బాండ్ చేతుల్లో ఏమంటుంది? ఒక్క పని మాత్రం సరిగ్గా చేశానని. అంటే బాండ్‌ని తయారు చేయడం. టియాగో మాట లేదు. ఆ చర్చిలో అతనూ అక్కడే చచ్చిపడి ఉన్నాడు. నేను ఆరుగురిని వదిలేయమనడం లేదు. ఇచ్చేయండి, తప్పదు కదా. కానీ అతను ఎదురుగా నిలబడి అడిగినప్పుడు పేరు పెట్టి పిలవండి, ఇది నేనే చేశానని చెప్పండి. నా గొడవంతా అంతే.

విశాఖ తీరం:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

నేను ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాను. పేరు పెట్టి పిలిచి, లిస్టు నేనే రాశాను అని చెప్పాను. ఒకాయన కుర్చీ తన్ని వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి, నాకెందుకు చెప్తున్నారు, మీ మనసు తేలిక చేసుకోవడానికా అంది. నా దగ్గర జవాబు లేదు. మొహం మీద చెప్పినంత మాత్రాన వాళ్లకు ఒరిగిందేమీ లేదు. అందుకే గాజు గదిలో ఎమ్ పేరు పలకకపోవడం నాకు తప్పుగా కనిపించదు. అక్కడ పలికితే అది తన కోసం పలికినట్టే అయ్యేది.

రీలుబండి:
వాళ్ల సంగతి నాకు తెలియదు. నాకైతే ఒరిగేది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలిసేది, హెచ్ఆర్ మెయిల్ మీద కాదు.

విశాఖ తీరం:
ఉండొచ్చు. మీ విషయంలో మీ మాట కాదనను. సినిమా విషయంలో మాత్రం నేను మారను. డెల్లాని మర్చిపోయిన సినిమా, విశ్వాసం గురించి పాఠం చెప్పలేదు.

రీలుబండి:
టియాగో పేరు బయటికొచ్చాక చెప్పిన సినిమా కూడా చెప్పలేదు. నేనూ మారను.

పాత టాకీస్:
మీరిద్దరూ ఆ 1969 సినిమా, 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్', మళ్లీ చూసి రండి. అందులో బాండ్ మనీపెన్నీకి చెప్పి రాజీనామా రాయిస్తాడు. మనీపెన్నీ దాన్ని రెండు వారాల సెలవుగా మార్చి ఎమ్ దగ్గరికి పంపుతుంది. దాని మీద కొట్టుకుందాం.