దోషి ఎవరో తెలిసిన కథను మళ్ళీ ఎందుకు చదువుతాం?

చిక్కడపల్లి పాఠకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. డిటెక్టివ్ నవలలనూ ఆ తరహా సినిమాలనూ అంతకంటే ముందునుంచే ఇష్టపడుతున్నాను. ఇటీవల ఒక మిత్రుడు, "హంతకుడెవరో తెలిసిపోయిన సినిమాను నాలుగోసారి చూస్తే నీకేం దొరుకుతుంది?" అని అడిగాడు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆ ప్రశ్న అప్పటినుంచి నన్ను వదలడం లేదు కనుక ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

మా నాన్నగారికి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్ళి, మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి వాటిని ఏరి తెచ్చుకునేవారు. నవల సగానికి రాగానే ఆగి, తాను అనుమానించిన పాత్ర పేరును పేజీ అంచున పెన్సిలుతో రాయడం ఆయన అలవాటు. ఆయన పోయాక ఆ పుస్తకాలన్నీ నా దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు వాటిని తెరిచినప్పుడు నేను వెతికేది దోషిని కాదు, నాన్నగారు ఎవరిని అనుమానించారన్నదే. చాలాసార్లు ఆయన పొరబడ్డారు. బయటినుంచి వచ్చినవాణ్ణే అనుమానించేవారు తప్ప కథలోని ఇంటివాళ్ళ జోలికి వెళ్ళేవారు కాదు. కొన్ని పుస్తకాల్లో మాత్రం, ఇది కూడా ఆయనే రాశారా అనిపించేంత కచ్చితంగా, సరిగ్గా ఆ ఇంటి మనిషి పేరే ఉంటుంది.

1979లో ఆయన నిజామాబాద్‌లో ఉన్న మంచి ఉద్యోగాన్ని ఒక్క రోజులో వదిలేసి మమ్మల్నందరినీ హైదరాబాద్ తీసుకొచ్చారు. కారణం ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంట్లో ఇలాంటి విడిపోని ముడి ఉన్నవాళ్ళే పుస్తకంలో విడిపోయిన ముడి దగ్గరికి పదే పదే వెళ్తారా? పెద్దలు, మిత్రులు తమ అనుభవం చెప్పగలరు.

రాంనగర్ ప్రేక్షకుడు:

మీ మిత్రుడి ప్రశ్నకు సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఇచ్చిన ఉదాహరణే నాకు తోచిన మంచి జవాబు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏవో మామూలు మాటలు మాట్లాడుకుంటుంటారు, బల్ల కింద బాంబు ఉంటుంది. ఆ సంగతి మనకు తెలియకపోతే అది పేలినప్పుడు 15 సెకన్ల ఉలికిపాటు, అంతే. ముందే తెలిస్తే అవే మాటలు వింటూ 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. 1958లో వచ్చిన 'వర్టిగో'కు మూలమైన ఫ్రెంచి నవల తన రహస్యాన్ని చివరిదాకా దాచింది. హిచ్‌కాక్ దాన్ని సినిమా ఇంకా చాలా మిగిలి ఉండగానే ప్రేక్షకుడికి చెప్పేశాడు, కథానాయకుడికి మాత్రం చెప్పలేదు. అందుచేత ఆ రెండో భాగంలో ఏం జరిగిందన్న కుతూహలం పోయి, ఈ మనిషికి తెలిసిన క్షణాన ఏమవుతాడోనన్న బెంగ పట్టుకుంటుంది. ఆ బెంగ నాలుగోసారి చూసినా తగ్గదు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. 1955 నాటి 'మిస్సమ్మ'లో తప్పిపోయిన మహాలక్ష్మి ఎవరో మనకు ముందే అర్థమవుతుంది. కాలి మీది పుట్టుమచ్చ కోసం అక్కినేని పాత్ర పడే పాట్లను మనం తీరిగ్గా చూస్తాం. 'దేవదాసు'తో అంత పేరు వచ్చాక ఆయన ఆ చిన్న డిటెక్టివ్ వేషం ఒప్పుకోవడం నాకు ఎప్పటికీ గొప్పగానే తోస్తుంది.

కోఠి పుస్తకప్రియుడు:

పై మిత్రుని మాట సినిమాకు సరిపోతుంది గాని, నవల విషయంలో నా అభిప్రాయం వేరు. రెండోసారి చదివేది రచయిత నిజాయితీని పరీక్షించడానికి. పాఠకుడికి చూపని ఆధారాన్ని డిటెక్టివ్ వాడుకోకూడదని 1929లో ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ నియమాలు రాశాడు. అగాథా క్రిస్టీ 1926 నాటి 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్'ను తిరిగి చదివితే, మొదటిసారి మనం అమాయకంగా దాటిపోయిన వాక్యాల్లో ఒక్క అబద్ధమైనా లేదని తెలిసి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. చదవనివారి కోసం ఇంతకంటే చెప్పను.

మీ నాన్నగారి సంగతి చదువుతుంటే నాకు గుర్తుకొచ్చింది మరొకటి. ఆ నవల వచ్చిన 1926లోనే డిసెంబర్ 3 రాత్రి క్రిస్టీ కారులో ఇంటినుంచి వెళ్ళి కనిపించకుండా పోయింది. వేలమంది వెతికారు. 11 రోజుల తర్వాత హారోగేట్‌లోని ఒక హోటల్లో, తన భర్త ప్రేమించిన స్త్రీ ఇంటిపేరు పెట్టుకుని ఉండగా గుర్తుపట్టారు. ఆమె మరణానంతరం 1977లో వెలువడిన ఆత్మకథలో ఆ రోజుల ప్రస్తావనే లేదు. డజన్ల కొద్దీ హత్యలకు కారణాలు విప్పిచెప్పిన మనిషి తన గురించి చెప్పకూడదనుకుంది. దాన్ని నేను లోపంగా చూడలేను. మీ నాన్నగారి మౌనాన్ని కూడా అలాగే గౌరవించాలేమో ఆలోచించండి.

అల్వాల్ నుంచి ఒక చెల్లెలు:

అన్నగారూ, గౌరవించడం సరే, ఆనాటి మనుషులు ఇంకా ఉంటే ఒక్కసారి అడగండి. మా అమ్మమ్మను అడగవలసినవి నేను అడగకుండానే ఆమె వెళ్ళిపోయింది. 1979 నాటికి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకెవరున్నారు?

చిక్కడపల్లి పాఠకుడు:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అమ్మా, మీ ప్రశ్న చూశాక మా మేనత్త గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఆమె మా ఇంట్లోనే ఉండేది, ఇప్పుడు బొల్లారంలో ఉంటుంది. మొన్న ఆదివారం నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని వెళ్ళాను. ఉద్యోగం సంగతి ఆమె చెప్పింది. అది మా ఇంటి విషయం గనుక ఇక్కడ రాయను, కోఠి మిత్రులు అర్థం చేసుకుంటారని నమ్ముతున్నాను. కానీ పుస్తకాలు చేతిలోకి తీసుకోగానే ఆమె అన్న మాట మాత్రం చెప్పాలి: "ఈ రాతలన్నీ మీ నాన్నవే అనుకున్నావట్రా?"

ఇంటికి వచ్చి అన్ని పుస్తకాలూ మళ్ళీ తెరిచాను. 'క్ష' రాసే తీరు రెండు రకాలుగా ఉంది. ఇంటి మనిషి పేరు సరిగ్గా పట్టిన పేజీల్లో ఉన్నది అత్తయ్య చేతిరాత. ఇన్నేళ్ళుగా అవే పేజీలు తిప్పుతున్నా నేను పేర్లే చదివాను గాని, అక్షరాలను చూడలేదు. వచ్చే ఆదివారం మిగతా పుస్తకాలు కూడా తీసుకెళ్తున్నాను. సగం వరకూ చదివి వినిపించమంది, కళ్ళు సరిగా కనబడటం లేదట. పెన్సిలు మాత్రం తనకే ఇవ్వాలంది.