పిడుదు జ్వరాలు: రక్తపు పూత చాలునా, పీసీఆర్ తప్పనిసరి కావాలా?

పాడి రైతు (ప్రశ్న):
మా సంకరజాతి ఆవుకు జ్వరం వచ్చినప్పుడు గాజుపలకపై రక్తం పూసి చూసి థైలేరియా (పిడుదుల ద్వారా సోకే రక్త పరాన్నజీవి) లేదన్నారు. అదే రక్తాన్ని ప్రయోగశాలకు పంపితే పీసీఆర్‌లో (పరాన్నజీవి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) ఉన్నట్లు తేలింది. అటువంటప్పుడు వైద్యానికి ముందు ప్రతి పశువుకూ పీసీఆర్ చేయాలన్న నియమం ఎందుకు పెట్టకూడదు?

ప్రయోగశాల పరిశోధకురాలు:
పెట్టాలనే నా వాదన. జబ్బు నుంచి కోలుకున్న ఆవులో థైలేరియా ఏళ్ల తరబడి అతి తక్కువ సంఖ్యలో నిలిచి ఉంటుంది. సూక్ష్మదర్శినికి అందని ఆ కొద్దిపాటి పరాన్నజీవులే హయలోమా పిడుదుల ద్వారా పక్క పశువుకు చేరుతాయి. పైగా పూత ఫలితం చూసేవారి అనుభవాన్ని బట్టి మారుతుంది. రంగు సరిగా కడగకపోతే మిగిలే మరకలను అనాప్లాస్మా అనే రక్త సూక్ష్మజీవిగా పొరబడటం కొత్తేమీ కాదు.

గ్రామీణ పశువైద్యుడు:
మేడమ్ గారు చెప్పిన లోపాలన్నీ నిజమే, కానీ వాటి నుంచి ఆ నియమం పుట్టదు. 105 డిగ్రీల జ్వరంతో, భుజం ముందరి లింఫు గ్రంథి ఉబ్బి నిలబడిన ఆవుకు థైలేరియా మందు బుపార్వాక్వోన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. నమూనా జిల్లా దాటి వెళ్లి ఫలితం తిరిగి వచ్చేలోగా ఆ ఆవు చేయి దాటిపోవచ్చు. ఆ గ్రంథిలో సూది గుచ్చి తీసిన ద్రవాన్ని జీమ్సా రంగుతో చూస్తే, తెల్ల కణాలలో కోక్ పేరుతో పిలిచే నీలి కణికలు కనిపిస్తాయి. జబ్బు చురుగ్గా ఉందనడానికి అది గట్టి ఆధారం. పీసీఆర్ పాజిటివ్ అయినంత మాత్రాన ఆ మాట చెప్పలేము, ఎందుకంటే పాత థైలేరియాను మోస్తున్న ఆవుకు నేటి జ్వరం న్యుమోనియా వల్ల కూడా రావచ్చు. రైతు గారి ఆవు విషయంలోనూ ముందు తేల్చవలసినది ఇదే.

ఎర్ర మూత్రం సంగతీ అంతే. ఈనిన కొద్ది వారాలకే గేదె కాఫీ రంగు మూత్రం పోస్తే చాలామంది నేరుగా బెబీసియా (ఎర్ర రక్తకణాలను పగలగొట్టే పిడుదు పరాన్నజీవి) మందు వేయిస్తారు. భాస్వరం లోపం వల్ల కూడా అదే రంగు వస్తుంది, అప్పుడు జ్వరం సాధారణంగా ఉండదు. చెవి అంచు నుంచి తీసిన ఒక్క చుక్క రక్తం ఆ అనుమానాన్ని చాలావరకు అక్కడికక్కడే తీర్చగలదు. నియమం పెట్టాలంటే సూది మందుకు ముందు పూత తీయాలని పెట్టండి. మందు పడ్డాక తీసిన పూతలో ఏమీ కనిపించకపోతే దానికి అర్థం చెప్పడం కష్టం.

కుక్క యజమాని:
మా కుక్కకు క్లినిక్‌లో కిట్‌తో చేసిన పరీక్షలో ఎర్లీషియా (పిడుదుల ద్వారా వచ్చే బ్యాక్టీరియా జబ్బు) పాజిటివ్ వచ్చింది. నెల రోజులు డాక్సీసైక్లిన్ వాడాక మళ్లీ చేయిస్తే ఇంకా పాజిటివే. మందు పనిచేయనట్లేనా?

ప్రయోగశాల పరిశోధకురాలు:
అలా అనుకోనక్కర్లేదండీ. ఆ కిట్లలో ఎక్కువ భాగం పట్టుకునేది ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను). జబ్బు తగ్గినా అవి నెలల తరబడి రక్తంలో ఉంటాయి. ప్లేట్‌లెట్ల సంఖ్య పెరిగిందా, కుక్క తిండి తింటూ హుషారుగా ఉందా అన్నది చూడండి, సందేహం మిగిలితే పీసీఆర్ చేయించండి.

డాక్టరు గారి మాటలో ఆవుల అత్యవసర వైద్యం వరకు నేను ఏకీభవిస్తాను, కుక్కల విషయంలో మాత్రం కాదు. కుక్కలకు సోకే బెబీసియా గిబ్సోని ఎర్ర రక్తకణంలో చిన్న చుక్కలా ఉండి తేలిగ్గా తప్పించుకుంటుంది. డిమినజీన్ అనే బెబీసియా మందు దానిని శరీరం నుంచి పూర్తిగా తొలగించలేదు, మోతాదు కాస్త మించితే కుక్క నాడీవ్యవస్థకే ప్రమాదం. అటువంటి మందును ఊహ మీద వేయడం కంటే పీసీఆర్‌కు ఆగడమే మేలు. రక్తదానం చేసే కుక్కకైతే పూత ఒక్కటే చూసి సరిపెట్టడాన్ని నేను అసలు ఒప్పుకోను, ఎందుకంటే గిబ్సోని ఎక్కించిన రక్తం ద్వారా కూడా రెండో కుక్కకు చేరుతుంది.

గ్రామీణ పశువైద్యుడు:
రక్తదాత కుక్కలకు పీసీఆర్ తప్పనిసరి అన్నది నాకు సమ్మతమే. నీరసంతో చిగుళ్లు తెల్లబడిన కుక్కను మాత్రం ఫలితం కోసం ఆపలేము. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి చల్లగా భద్రపరచి, పూత చూసి వైద్యం మొదలుపెట్టి, పీసీఆర్ వచ్చాక మందు మార్చుకోవాలి. పిడుదులు లేని మందలోకి సంతలో కొన్న ఆవును కలిపే ముందు పీసీఆర్ చేయించడానికీ నాకు అభ్యంతరం లేదు. నెగటివ్ వచ్చినా ఆ ఆవును కొన్నాళ్లు వేరుగా కట్టి, పొదుగు చుట్టూ, చెవుల లోపల, తోక కింద పిడుదులు ఏరడం మానకూడదు.