అకాడమీలో తెల్లవారుజామున యోగా తప్పనిసరి: ఆటగాళ్ల బుర్ర నిజంగా చురుకవుతుందా?

శటిల్‌అమ్మ:
మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది, అండర్-15. వాళ్ల అకాడమీలో ఈ మధ్య ఉదయం ఐదింటికి గంటసేపు యోగా తప్పనిసరి చేశారు. ఇదివరకు ఆరింటికి నేరుగా కోర్టుకి వెళ్లేది. యోగా చేస్తే ఏకాగ్రత, రిఫ్లెక్స్ పెరుగుతాయని, మ్యాచ్‌లో నిర్ణయాలు త్వరగా తీసుకుంటారని కోచ్ గారు అంటున్నారు. నేనూ యోగా చేస్తాను, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ స్కూలు, సాయంత్రం ప్రాక్టీసు, హోంవర్క్ అయ్యి పిల్ల పడుకునేసరికి పదిన్నర. నాలుగున్నరకి లేపాలంటే ప్రాణం ఒప్పడం లేదు. ఆటలో పనికొస్తుందని గట్టి ఆధారం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రాణాయామం:
ఉందమ్మా. పాండిచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో 1992లోనే కొలిచారు. 27 మంది విద్యార్థులకి పన్నెండు వారాలు యోగా నేర్పించారు. వెలుగు చూసి స్పందించడానికి ముందు 270 మిల్లీసెకన్లు పట్టేది, తర్వాత 225కి తగ్గింది. చప్పుడు విని స్పందించడం 194 నుంచి 157కి వచ్చింది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో 30 మంది కాలేజీ అమ్మాయిలతో ఒకసారి ఇరవై నిమిషాలు యోగా, మరోసారి అంతే సేపు ట్రెడ్‌మిల్ మీద వ్యాయామం చేయించి చూశారు. యోగా అయ్యాక పెట్టిన పరీక్షల్లోనే వేగం, కచ్చితత్వం రెండూ బాగున్నాయి. బ్యాడ్మింటన్‌లో నలభై మిల్లీసెకన్లంటే పాయింటు పోవడమా రావడమా అన్నంత తేడా. కోచ్ గారు మంచి పనే చేశారు. పిల్లకి మొదట్లో కష్టమనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

స్పోర్ట్స్‌ఫిజియో:
ప్రాణాయామం గారూ, ఆ రెండు అధ్యయనాలూ మంచివే. కానీ వాటిని పట్టుకుని అకాడమీ పిల్లలందరినీ చీకటితో లేపమనడం ఎక్కువే. జిప్‌మర్‌లో పరీక్షించింది మామూలు విద్యార్థుల్ని, క్రీడాకారుల్ని కాదు. యోగాకి ముందు, తర్వాత వాళ్లనే కొలిచారు. బటన్ నొక్కే పరీక్ష రెండోసారి చేస్తే ఎవరికైనా కొంత చేయి తిరుగుతుంది. ఇల్లినాయ్‌లో చూసింది యోగా ముగిసిన కాసేపటికి ఎలా ఉందన్నది. ఏడాదిపాటు చేస్తే ఏమవుతుందన్నది అందులో లేదు.

అసలు విషయం వేరే ఉంది. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. మ్యాచ్‌లో స్మాష్‌లు అంత ఉండకపోయినా, శటిల్ రాకెట్‌ని వదిలాక చూసి కదిలితే చాలాసార్లు ఆలస్యమే. మంచి ఆటగాళ్లు ముందే చదివేస్తారు. 1987లో అబెర్నెతీ అనే శాస్త్రవేత్త బ్యాడ్మింటన్ వీడియోలు తీసుకుని, రాకెట్ శటిల్‌ని తాకకముందే ఆపేసి, శటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నాడు. కొత్తవాళ్లు రాకెట్‌నే చూశారు. ఆరితేరినవాళ్లు రాకెట్ పట్టిన చేతి కదలికలోంచి కూడా ఇంకా ముందే పసిగట్టారు. ఆ చూపు కోర్టులో వేల షాట్లు ఎదుర్కొంటే వస్తుంది. పద్మాసనంలో కూర్చుంటే రాదు.

ఎయిర్‌రైఫిల్:
ఫిజియో అన్నా, మీరు చెప్పింది శటిల్‌కి సరే. అన్ని ఆటలూ అలా ఉండవు. నేను 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటర్‌ని. మాకు ఎవరి చేతినీ చదివే పని లేదు. టార్గెట్‌లో పదిపాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. నలభయ్యో షాట్ దగ్గర ఒక తొమ్మిది పడితే, ఆ తొమ్మిదే తర్వాతి అయిదు షాట్లలో బుర్రలో తిరుగుతుంది. దాన్ని వదిలించుకోవడమే మా ఆట. నాకు అది శ్వాస మీద ధ్యాస పెట్టడం నేర్చుకున్నాకే వచ్చింది.

కబడ్డీమాస్టర్:
షూటర్ తమ్ముడు చెప్పిన మాటే నాది కూడా. కబడ్డీలో కూతకి వెళ్లినవాడికి 30 సెకన్లు. అంతసేపూ కూత తెగకూడదు, తెగితే అవుటే. అంటే ఊపిరి వదులుతూనే ఆలోచించాలి. ఇలాంటిది ఇంకో ఆటలో నేను చూడలేదు. కొత్త కుర్రాళ్లని గమనించండి. ఇరవై సెకన్లు దాటేసరికి ఛాతీ బిగుసుకుంటుంది, కళ్లు మధ్యగీత వైపు లాగేస్తాయి. అప్పటిదాకా కార్నర్‌లో పట్టడానికి కాచుకున్న ఎదుటి జట్టువాడి కాళ్లు చూస్తున్నవాడు ఒక్కసారిగా చూడటం మానేస్తాడు. సరిగ్గా అప్పుడే చీలమండ దొరికిపోతుంది. బలం తక్కువై కాదు, కంగారు వల్ల.

మా పిల్లలకి నేను నేర్పేది ఒక్కటే. నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చడం, ఎనిమిది లెక్కపెట్టేంత సేపు వదలడం. ప్రాక్టీసుకి ముందు ఐదు నిమిషాలు, బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇంకొన్నిసార్లు. రిఫ్లెక్స్ పెరిగిందని నేను అనను. ఊపిరి అయిపోతున్నప్పుడు కూడా ఎదుటివాడిని చూస్తూ ఉంటున్నారు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయి, మూడోది పాయింటు తేవాలి లేదా అవుటవ్వాలి అనే డూ ఆర్ డై అయినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

స్పోర్ట్స్‌ఫిజియో:
మాస్టారు చెప్పినదానికి దగ్గరగా ఒక అధ్యయనం ఉంది. మయామీ యూనివర్సిటీలో 100 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేశారు, 2017లో అచ్చయింది. సీజన్‌కి ముందు ఒళ్లు హూనమయ్యే శిక్షణ జరిగే నాలుగు వారాల్లో కొందరికి శ్వాస మీద ధ్యాస నిలిపే ధ్యానం, కొందరికి రిలాక్సేషన్ నేర్పించారు. శ్రమ పెరిగేకొద్దీ ఆటగాళ్ల ఏకాగ్రత పడిపోయింది. ధ్యానం శ్రద్ధగా చేసినవాళ్లకి మాత్రం నిలబడింది. గమనించండి, పెరగలేదు, పడిపోకుండా ఆగింది. పైగా అది కూర్చుని చేసిన ధ్యానం, ఆసనాలు కాదు. కాలేజీ ఆటగాళ్లతో 2016లో వచ్చిన పది వారాల యోగా అధ్యయనంలో తేలింది ఒళ్లు బాగా వంగడం, బ్యాలెన్స్ మెరుగవడం. మంచి లాభాలే. కానీ కోచ్ గారు చెప్పేది మెదడు గురించి.

ప్రాణాయామం:
ఆసనాన్ని, శ్వాసని, ధ్యానాన్ని ముక్కలు చేసి ఇది పనిచేస్తుంది, అది చేయదు అంటే నేను ఒప్పుకోను. వెన్ను నిలబెట్టి కూర్చోలేని పిల్ల ధ్యానంలో పది నిమిషాలు కూడా ఉండలేదు, నడుము నొప్పే గుర్తొస్తుంది. 2015లో, పోల్చే గుంపు పెట్టి చేసిన పదిహేను నియంత్రిత పరీక్షలు, అప్పటికప్పుడు ఫలితం చూసిన మరో ఏడు అధ్యయనాలు కలిపి లెక్క వేశారు. ఏకాగ్రత, ఆలోచనా వేగం, నిర్ణయ సామర్థ్యం విషయంలో యోగాకి మోస్తరు మేలు ఉందనే తేలింది. క్రీడాకారుల మీద తక్కువ పని జరిగిందంటే అది పరిశోధకుల లోటు. మన పిల్లలు అంతవరకు ఆగాలా?

శటిల్‌అమ్మ:
మీ అందరి మాటలూ చదివాను. మరి నిద్ర సంగతి?

స్పోర్ట్స్‌ఫిజియో:
అదే నా అసలు బాధ అమ్మా. స్టాన్‌ఫర్డ్‌లో 2011లో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని అయిదు నుంచి ఏడు వారాలపాటు రోజూ పది గంటలు పక్క మీద ఉండమన్నారు. ఫ్రీ త్రోలు 9 శాతం మెరుగయ్యాయి, స్ప్రింట్ వేగం పెరిగింది, స్పందించే సమయమూ తగ్గింది. ఇదీ చిన్న అధ్యయనమే, పక్కన పోల్చే గుంపూ లేదు. అయినా పద్నాలుగేళ్ల పిల్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలన్న దాంట్లో డాక్టర్లకి తగాదా లేదు. మీ అమ్మాయికి ఆరు గంటలే దొరుకుతోంది. ఏకాగ్రత కోసం నిద్ర కోసేస్తే కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కున్నట్టే.

ప్రాణాయామం:
నిద్ర విషయంలో నాకూ అభ్యంతరం లేదు. సాయంత్రం ప్రాక్టీసు చివర పెట్టమని అడగండి. కానీ తప్పనిసరి అన్న మాట తీసేయొద్దు. ఇష్టముంటే చేయండి అంటే ఆ వయసు పిల్లలు పదిమందిలో ఇద్దరు కూడా చేయరు.

కబడ్డీమాస్టర్:
బలవంతంగా కళ్లు మూయిస్తే లోపల ఫోన్ గురించే ఆలోచిస్తారండి. మా దగ్గర ముందు ఒక సీనియర్ రైడర్ చేశాడు. వాడి కూత సాగుతుంటే చూసి మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి పక్కన కూర్చున్నారు. అమ్మా, కోచ్ గారితో తగువు పెట్టుకోకండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య, సర్వీస్ చేసేముందు పిల్ల ఏం చేయాలో యోగా క్లాసులో నేర్పుతున్నారా అని అడగండి. నేర్పుతుంటే సాయంత్రం పావుగంట చాలు. నేర్పకపోతే గంట చేయించినా ఆటలోకి రాదు.