అప్‌డేట్: మా వాడి టెన్త్ మ్యాథ్స్ ట్యూషన్ సంగతి

మా వాడు టెన్త్, స్టేట్ సిలబస్, మ్యాథ్స్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాచ్ కోచింగా లేక ఇంటికొచ్చే సారా అని మొన్నామధ్య అడిగాను కదా, హోమ్ ట్యూషనే పెట్టించామండి. సార్ రాగానే పాఠం మొదలెట్టలేదు, పాత టెస్ట్ పేపర్లన్నీ ముందేసుకుని ఎక్కడ తప్పుతున్నాడో చూశారు, తీరా చూస్తే ట్రిగొనోమెట్రీ కాదు, అసలు వీడికి ఫ్రాక్షన్సే రావట్లేదు! సైన్ 60 అంటే రూట్ 3 బై 2 అని టకటకా చెప్తాడు, దాన్ని కాస్ 60తో, అంటే 1 బై 2తో, భాగించమంటే పెన్ను ఆగిపోతుంది. (అంతంత ఫీజులు తీసుకునే స్కూల్లో ఇది ఎవరికీ కనపడలేదు, సర్లెండి.) ఇప్పుడు రోజూ ముందు సెవెంత్ లెక్కలు, తర్వాతే టెన్త్ పుస్తకం. ప్రీఫైనల్లో మార్కులు పెద్దగా పెరగలేదు గానీ స్టెప్పులన్నా రాస్తున్నాడు, ఖాళీ వదలట్లేదు. బ్యాచే బెటర్ అన్నవాళ్ళకి, బేసిక్స్ ఉన్న పిల్లలకైతే ఓకే. ఖర్చు మాత్రం బాగా ఎక్కువే, గంట లెక్కన కాకుండా నెలకింత అని ముందే మాట్లాడుకోండి.